ఒక్క చుక్క సుత లీక్ కాలే!

“శీనూ! పైపు వదలకయ్యా! పైపు పట్టుకో!”

మొన్న ఆదివారం చెరువు నడుమ మునుగుకుంట తేలుకుంట నేను విన్న మాట గిది. అరిచింది మా పై వాటా వెంకట్రావు అంకుల్. ఆయన ఒక కొసకు, నేను ఇంకో కొసకు, ఇద్దరం ఒకే పైపుకు వేలాడుతున్నం. నవ్వుతరు మీరు, నవ్వుండ్రి. కానీ ఒకటి ముందే చెప్తున్న. ఆ పైపు నేను చేసిందే. ఇద్దరం వేలాడినా ఇరగలే, మునగలే!

కథ షురూ అయింది లావణ్యతోని. అంకుల్ బిడ్డ. వాళ్లది కోనసీమ, ఈడ రాంగోపాల్‌పేట్‌ల బియ్యం దుకాణం నడుపుతరు. లావణ్య మెట్లు దిగుతుంటే మా గల్లీల అప్పుడే తెల్లారినట్టుంటది నాకు. ఆమెకు సుత నేనంటే ఇష్టమే. కానీ ఒకటే మాట మీద ఉంది. “నాన్నతో నువ్వే చెప్పాలి శీనూ.”

చెప్పుడు అంటే మాటలా? ఆయన కనవడ్డప్పుడల్లా, “అంకుల్ ఏంటయ్యా ఇంగ్లీషోడిలా? నోరారా బాబాయ్ అను” అంటడు. ఒక్కపారి బాబాయ్ అన్ననంటే లావణ్య నాకు చెల్లె అయి కూసుంటది! ఎంత పరేషాన్ చూడుండ్రి. అందుకే నవ్వి ఊకుంటున్న.

లావణ్యనే ఉపాయం చెప్పింది. “నాన్న గోదారి ఒడ్డున పెరిగారు. నీళ్ల మీద గేలం పట్టుకుని కూర్చుంటే ఎవర్నీ తిట్టరు. అప్పుడు చెప్పెయ్.”

మా దోస్తు దగ్గర చేపలు పట్టే కయాక్ ఉంది. ఇద్దరు కూసునే ప్లాస్టిక్ పడవ. అడిగి తెచ్చిన. అంకుల్ దాన్ని కాలుతోని జెర కదిపి చూసి, “ఇది ఊగుద్దయ్యా. నేనెక్కితే బోర్లా పడుద్ది” అన్నడు. నిజమే. ఆయన సుత ఆయన దుకాణంల బస్తా లెక్కనే ఉంటడు.

నేను వదుల్తనా? రెజిమెంటల్ బజార్‌ల పైపులు, నల్లాలు అమ్మే షాపుల పని చేస్తున్న నేను! ఫోన్‌ల వీడియోలు చూసిన. అవుట్‌రిగ్గర్లు అంటరట. పిల్లల సైకిల్‌కు పక్కన చిన్న చక్రాలు ఉంటయి కద, పడవకు గట్లనే. పడవ మీద అడ్డంగ ఒక పైపు, దాని రెండు కొసలకు తేలే లావు డొల్ల పైపులు. షాపుల మిగిలిన ముక్కలు తెచ్చి మా డాబా మీద కోసిన, గీకిన, అతికించిన. ఒక కొసకు క్యాప్, ఇంకో కొసకు తిప్పి పెట్టే ప్లగ్. నీలం రంగు సుత వేసిన. అబ్బ, ఏం ముద్దుగ ఉన్నయో!

ఇగ మా షాపుల ఒక పద్ధతుంది. జాయింట్ వేసినంక నీళ్లు పట్టి చూడాలె. చూడకుంటే అది పనే కాదు. నేను సుత రెండు పైపుల నిండ నీళ్లు పట్టి, ప్లగ్ బిగించి, కింద పేపర్ పరిచి నిలబెట్టిన. పొద్దున చూస్తే పేపర్ కరకర ఎండి ఉంది. ఒక్క చుక్క లేదు! నా భుజం నేనే తట్టుకున్న.

మొదటి పైపు ప్లగ్ తీసి నీళ్లు పారబోసిన. రెండోది పట్టుకున్ననో లేదో, బట్టలు ఆరేయనీకె లావణ్య వచ్చింది. “అమ్మో, శీనూ! ఇంజినీరువైపోయావే!” అని నవ్వింది.

అంతే. ఆ తర్వాత ఏమైందో నాకు యాదికి లేదు.

చెరువు కాడ ఆటోల నుంచి దింపుతుంటే ఒక పైపు మస్తు బరువనిపించింది. కానీ గట్టు మీద పులిహోర డబ్బా పట్టుకొని లావణ్య చూస్తున్నది. ఆమె ముంగట బరువు అంటమా? నవ్వుకుంట ఎత్తిన.

పైపులు పడవకు బిగించి, లైఫ్ జాకెట్లు ఏసుకొని ఎక్కినం. అంకుల్ కుడి పక్కకు వంగిండు, పడవ కదల్లే. ఇంకా వంగిండు, ఊహూ! “భలే చేశావయ్యా! మా గోదారి నావలా ఉంది!” అన్నడు. నా ఛాతీ జాకెట్‌ల పట్టలే. గాలి సల్లగ వీస్తున్నది, నీళ్లు మెరుస్తున్నయి, గట్టు మీద ఆమె చున్నీ ఎగురుతున్నది. ఇదే టైమ్ అనుకున్న.

“అంకుల్, మీకొకటి చెప్పాలె...”

అప్పుడే తగిలింది చేప! గాలం వంగింది, అంకుల్ లేచినంత పని చేసిండు. “పెద్దదే! పెద్దదే!” చేప గిర్రున ఎడమకు తిరిగింది, అంకుల్ సుత ఎడమకు తిరిగిండు. మరి ఎడమ పక్కది నిండ నీళ్లున్న పైపాయె! అది ఆపుతదా? బుడుంగున మునిగింది. దాని ఎనక పడవ, అంకుల్, నేను, గాలం, అన్నీ!

నీళ్లు మింగుకుంట మీదికి వస్తే కుడి పక్క పైపు రాజా లెక్క తేలుతున్నది. దానికే వేలాడినం. కాసేపైనంక అంకుల్ ఎందుకో కాళ్లు కిందికి చాపిండు. నడుం లోతే!

లేచి నిలబడి, ఎడమ పైపు ఎత్తి, ప్లగ్ తిప్పిండు. బుడబుడ నీళ్లు కారుతనే ఉన్నయి. ఆయన ఆ ధార దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు.

“తేలాల్సిన దాంట్లో నీళ్లెవరు పోశారయ్యా?”

“నేనే అంకుల్.”

“ఎందుకూ?”

“లీక్ ఉందా అని చూసిన.”

“ఉందా?”

“ఒక్క చుక్క సుత లేదంకుల్!” ఆ తడి బట్టల్ల సుత గర్వంగనే చెప్పిన.

ఆయన మీసాల నుంచి నీళ్లు కారుతున్నయి. నవ్వు ఆపుకుంటున్నడో, కోపం ఆపుకుంటున్నడో తెల్వలే. “పోసినోడివి తియ్యలేదేం మరి?”

గట్టు దిక్కు చూసిన. లావణ్య పులిహోర డబ్బా గుండెలకు ఒత్తుకొని నిలబడ్డది. నీళ్ల మీద ఉంటే తిట్టడని చెప్పింది. నీళ్ల లోపల ఉంటే ఏం చేస్తడో చెప్పలే. అయినా నోరు తెరిచిన.

“తీస్తుంటే లావణ్య నవ్వింది. మర్చిపోయిన. ఆమె నవ్వితే నేను అన్నీ మర్చిపోత. మిమ్మల్ని బాబాయ్ అనుడు నా వల్ల కాదు అంకుల్. మీరు ఒప్పుకుంటే... మామయ్యా అంట.”