సల్లలో నానిన ఫిట్సు గోలీ

నా బిడ్డకు పెళ్లైన ఏడాదే మెదడు జ్వరం వచ్చింది. మెదడు మీది పొర వాచిందని నల్గొండ దవాఖానలో చెప్పారు. మెడ కట్టెలా బిగుసుకుపోయి, కన్నతల్లినైన నన్నే గుర్తుపట్టలేదు. మొగుడు పోయినదాన్ని, ఉన్నది ఒక్క పిల్ల. అది కళ్లు తెరిచి "అమ్మా, ఆకలైతాంది" అన్న పూట వార్డు మొత్తానికి అరటిపండ్లు పంచాను.

జ్వరంలో ఫిట్సు వచ్చాయని రోజూ ఒక గోలీ మింగమన్నారు. జ్వరం పోయింది గానీ ప్రశ్నలు పోలేదు. దాని అత్తగారిది మోత్కూరు దగ్గర ఊరు. అక్కడి ఆడవాళ్లు నేరుగా అడగరు, పిల్లకు వినపడేట్టు ఒకరినొకరు అడుగుతారు. "మెదడుకొచ్చినంక కడుపు పండుతదా? పండినా పుట్టే పిల్లకు అంటదా?" నా బిడ్డ మాత్రం నన్నే అడిగింది.

"అమ్మా, నాకు పిల్లలైతరా?"

"ఎందుకు కారు బిడ్డా, మంచిగ అయితరు" అన్నాను. నాకేం తెలుసు?

ఒకసారి చూసిపోదామని దాని అత్తగారింటికి వెళ్తే, వంటింట్లో గ్లాసెడు సల్ల, అదే మజ్జిగ, అందులో తెల్లగా కరుగుతున్న గోలీ.

"ఇదేంది వదినా?" అన్నాను వియ్యపురాలితో.

"ఫిట్సు గోలీ. మస్తు వేడి గది, గర్భం నిలవనియ్యదు. సల్లల నానేస్తే వేడంత అడుగుకు దిగుతది. పైన తేట తాపి, అడుగుది పారబోస్త."

"మందంత అడుగునే ఉంటది గదా!"

"నువ్వేమన్న డాక్టర్వా?"

"నువ్వైనవు గద, ఇంక నేనెందుకు!"

నవ్వు వచ్చింది, వెనకే భయమూ వచ్చింది. ఆ వారమే బిడ్డ చేయి ఎగిరిపడి పళ్లెం జారిందట. నీరసం అనుకున్నారట. వియ్యపురాలు చెడ్డదైతే తిట్టి ఊరుకునేదాన్ని. కోడలి కడుపు పండాలనే ఆమె ఆరాటమంతా. తెల్లారి ముగ్గురం ఆటో ఎక్కి భువనగిరి దవాఖానకు పోయాం. పిల్లను మధ్యలో కూర్చోబెట్టి, దాని మీదుగా ఇద్దరం కొట్లాడుకుంటూనే పోయాం.

డాక్టరమ్మ సల్ల సంగతి విని నుదురు కొట్టుకుంది.

"సల్ల తాగుండ్రి, ఎవరొద్దన్నరు? గోలీ మాత్రం నిండుగ మింగాలె. లేకుంటే ఫిట్సు మళ్లొస్తయి."

"మరి పిల్లలు?" నా బిడ్డ ముందుకు వంగి అడిగింది.

"నెలనెలా ముట్టు సరిగ్గ వస్తాందా?"

"వస్తాంది మేడం."

"మెదడు పొర వాపుతోని గర్భసంచి చెడదు. ఎక్కడో ఒకరికి మెదడుల గ్రంథి దెబ్బతిని ముట్టు ఆగుతది. నీకు గట్ల లేదు. తగ్గిపోయిన జ్వరం పుట్టే పిల్లకు అంటదు. అయితే ఈ గోలీలల్ల కొన్ని కడుపుల పిల్లకు మంచివి గావు. నేను చూసి మారుస్త. కొత్త గోలీ కుదిరినంక చెప్త, అప్పటిదాక కడుపు గాకుండ ఆగుండ్రి. నీ అంతట నువ్వు బంద్ చెయ్యకు. ఈసారి మీ ఆయనను గూడ తీసుకరా, పరీక్ష చేద్దాం."

వియ్యపురాలు లేచి నిలబడింది. "మావోనికేం రోగం? రెండు పూటలా ముద్దలు ముద్దలు తింటడు!"

"తినుడుకు పరీక్ష లేదమ్మా" అంది డాక్టరమ్మ. నా బిడ్డ పగలబడి నవ్వింది. జ్వరం వచ్చాక అలా నవ్వడం అదే మొదలు.

అల్లుడి పరీక్షలో తేడా ఏమీ లేదు. గోలీలు మారాయి, ఫిట్సు రాలేదు. ఇక పర్లేదని డాక్టరమ్మ చెప్పాక, మరుసటి ఏడాది బిడ్డ నెల తప్పింది.

తొలి కాన్పు పుట్టింట్లో చేయడం మా ఆనవాయితీ. తీసుకుపోదామని వెళ్తే వియ్యపురాలు గుమ్మానికి అడ్డం నిలబడింది.

"తోలియ్యను, పంపేదే లేదు. డాక్టరమ్మకు మా ఊరే దగ్గర. కావాల్నంటే నువ్వే రా, మూట కట్టుకోని."

కట్టుకొని వెళ్లాను. ఆమె కూరలకు వంకలు పెట్టుకుంటూ కడుపునిండా తిన్నాను. కాన్పు దవాఖానలోనే సుఖంగా అయింది. ఆడపిల్ల. ముక్కు తనదని ఆమె, ఆ గొంతు నాదని నేను. మా లొల్లి భరించలేక నర్సు ఇద్దరినీ బయటికి తోలింది.