మామ మానేసిన మాత్రలు

మొక్కు తప్పి బీడీ తాగినందుకే మా మామకు మాట పడిపోయిందని చింతామణి ఊళ్ళో చాలామంది నమ్మారు. ఎనభైల నాటి మాట. ఇన్నేళ్ళయినా తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

నేను బాగేపల్లి నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి ఆయన నోట్లో బీడీ ఆరేది కాదు. మాది బెల్లం, చింతపండు అంగడి. ఒక చేత తక్కెడ పట్టుకుంటే ఇంకో చేతిలో బీడీ. చొక్కాలన్నిటికీ నిప్పురవ్వలు పడిన బొక్కలే. ఉతికేది నేను గనక నాకు తెలుసు. దగ్గు మొదలైతే వీధి చివరికి వినబడేది. చివరికి మా ఆయనా నేనూ ఆయన్ని చిక్కబళ్ళాపురంలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం.

డాక్టరు మాత్రలు రాసిచ్చాడు. అవి నిజానికి రక్తపోటుకు ఇచ్చేవట. బీడీ మానేటప్పుడు పుట్టే పీకులాటను కూడా తగ్గిస్తాయని ఈ మధ్యే ఇస్తున్నారట. నోరెండుతుంది, నిద్రొస్తుంది, గబుక్కున లేస్తే కళ్ళు తిరుగుతాయి అని చెప్పి, చివర్లో మామ చెయ్యి పట్టుకుని మరీ అన్నాడు: "శెట్టప్పా, వీటిని ఉన్నట్టుండి మాత్రం నిలపొద్దు. బీపీ ఎగదన్నుతాది. మానల్లంటే నా దగ్గరికి రా, కొంచెం కొంచెంగా తగ్గిస్తా."

బీడీ నిజంగానే తగ్గింది. కానీ మనిషి మనిషిలా లేడు. గల్లాపెట్టె ముందే కూర్చుని తూగేవాడు. "ఏం శెట్టప్పా, రాత్రి దొంగతనానికి పోయింటివా?" అని సరుక్కి వచ్చినవాళ్ళు ఆటపట్టించేవారు. ఒకరోజు పీట మీంచి లేవబోయి అట్లాగే వెనక్కి పడ్డాడు. మా అత్త పరుగెత్తుకొచ్చి లేపింది.

"బీడీ మాన్పిస్తానని మనిషినే మాన్పిస్తాండాడు ఆ డాక్టరు. మురుగమల్ల దర్గాకు పోదాం పదండి" అంది.

మా వైపు ఏ కులంవాళ్ళయినా మురుగమల్లకు పోతారు. ఇక బీడీ ముట్టనని మామ అక్కడ తల వంచి మొక్కుకున్నాడు. మాత్రలు మానమని అక్కడ ఎవరూ అనలేదు. మానడమన్నది మా ఇంటి పద్ధతి. మొక్కుకున్నాక మందు మింగితే మొక్కును నమ్మనట్టేనని, పిల్లలకు జ్వరమొచ్చినా మా అత్త మందుసీసా పక్కన పెట్టేసేది. ఇంటికి రాగానే మామ మాత్రలన్నీ తీసుకుపోయి దిబ్బలో పారేసింది.

"నిలపొద్దని డాక్టరు చెప్పినాడు గదత్తా!" అన్నాను.

"డాక్టరు పెద్దోడా, మొక్కు పెద్దదా? నువ్వు ఊరికుండు."

మామ నా వైపు చూసి నవ్వాడు. "పోనీలేమ్మా, బీడీ మానల్ల, అంతే గదా" అన్నాడు.

మరునాటికి తలనొప్పి పట్టుకుంది. గుండె దడ, చెమటలు. కూర్చోలేడు, నిలబడలేడు. "బీడీ కోసం పీకుతాండాది, ఓర్చుకోవల్ల" అని అత్త నమలడానికి సోంపు ఇచ్చింది. నేను మళ్ళీ డాక్టరు మాట ఎత్తాను. సంత రోజు అంగడి వదిలి యాడికి పోయేదని మా ఆయన కసిరాడు. ఆ సాయంత్రమే మామ అంగడి అరుగు మీద కూలిపోయాడు. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి, మూతి వంకర పోయింది. జీపు మాట్లాడుకుని చిక్కబళ్ళాపురం తీసుకుపోతే డాక్టరు అడిగిన మొదటి మాట, "మాత్రలు నిలిపినారా?" అని.

ప్రాణం దక్కింది గానీ మాట రాలేదు. ఊరు మాత్రం తీర్పు చెప్పేసింది. మొక్కు తప్పినాడంట, యాడో దాక్కోని తాగినాడంట, అందుకే తగిలిందంట. అత్త కూడా నమ్మింది. మంచం పక్కన కూర్చుని "నిజం చెప్పు, తాగినావా?" అని నిలదీసేది. ఆయన తల అడ్డంగా ఊపేవాడు, కళ్ళల్లోంచి నీళ్ళు కారేవి. "తప్పు చేసినోడు గాబట్టే ఏడుస్తాండాడు" అనేది. ఆమెను కొట్టాలనిపించేది నాకు, నిజంగా. దర్గా నుంచి వచ్చాక ఒక్క చొక్కాకూ బీడీ వాసన లేదని ఎన్నిసార్లు మొత్తుకున్నా వినలేదు.

నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఎందుకో అత్తకే ఆయన మీద జాలి పుట్టింది. బీడీ ముట్టించి ఆయన పెదాల దగ్గర పెట్టింది. "మొక్కు ఎట్లాగూ పాయ. ఇంగేముండాది, తాగు."

మామ మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఆమె మళ్ళీ పెట్టింది. ఆయన పెదాలు బిగించి, కదిలే ఎడమ చేత్తో ఆమె చెయ్యి తోసేశాడు. బీడీ చాప మీద పడింది. దాన్ని తీయడం కూడా మరిచిపోయి అత్త ఆయన మొహం వైపు చాలాసేపు చూసింది.

"తాగలేదమ్మా ఈ మనిషి" అంది నాతో. కాసేపటికి మళ్ళీ, "అయితే, ఆ మాత్రలు మాన్పించినందుకేనా?"

ఆ మాట ఆమె మొహాన కొట్టాలని నెలల తరబడి కాచుకున్నదాన్ని. అప్పుడు చెప్పలేకపోయాను. మామే మెల్లగా, అవునన్నట్టు తల ఊపాడు.