ట్యాంకు కడిగే చెయ్యి

సర్ఖని బస్టాండు పక్కన ముప్పై ఏళ్లుగా మోటారు సైకిళ్లు బాగుచేస్తున్న దిగంబర్‌కు తాను తప్ప లోకంలో తెలివైనవాడు ఒక్కడూ కనిపించలేదు. బళ్లు కొనేవాళ్లు దద్దమ్మలు, అమ్మేవాళ్లు దొంగలు. పెట్రోల్లో ఇథనాల్ కలపడం మొదలయ్యాక ఆ లెక్కలో చెరుకు, మొక్కజొన్న వేసే రైతులూ, సర్కారూ, ఊరి బయట పెట్రోలు బంకు నడిపే యోగేశూ చేరారు.

"మనుషులు తినే మక్కలు, చెరుకు తెచ్చి సారాయి తీసి బండ్లకు తాపుతున్నరు. గా సారాయి నీళ్లను జూస్తే ఆగది, గుంజుకుంటది. మైలేజీ పడిపాయె, రబ్బరు పైపులు ఉబ్బిపాయె. గిదేం అకల్, గిదేం తెలివి?" అని వచ్చిన ప్రతివాడికీ వినిపించేవాడు. ఆ మాటల్లో సగం నిజమే, అదే వచ్చిన చిక్కు. సగం తెలిసిన మనిషికి ఎవరు ఏం చెప్పినా చెవికెక్కదు.

వెంకట్రాములు ఉస్తాద్ దగ్గర పని నేర్చుకున్ననాడే అతనికి ఒక అలవాటు అబ్బింది. బండి ఏ రిపేరుకొచ్చినా సరే, ట్యాంకు విప్పి, గులకరాళ్లూ సబ్బు పొడీ వేసి గలగలలాడించి, డ్రమ్ములో నీళ్లతో కడిగి, ఎండలో ఆరబెట్టి బిగించాలి. అందుకే తన చెయ్యి పడిన బండి మళ్లీ తిరిగి రాదని అతని గర్వం. ఊరు కూడా అదే అనేది. ఆ పేరు తప్ప అతనికి వేరే ఆస్తి లేదు.

అలాంటిది ఈ వానాకాలం శుభాంగి బండి మూడుసార్లు తిరిగొచ్చింది. శుభాంగి టీకాల పెట్టె పట్టుకుని గూడేలు తిరిగే నర్సు. మూడోసారి రెండు కిలోమీటర్లు తోసుకొచ్చి అతని ముందు స్టాండు వేసింది.

"కాకా, గిదే ఆఖరు. ఇంకోపారి ఆగిందంటే బండిని కిన్వట్ మెకానిక్కు కాడికి కొంటవోత. ఐసు కరిగి పిల్లల మందు ఖరాబైతే ఎవల్ది జిమ్మేదారి?"

దిగంబర్‌కు తల కొట్టేసినట్టయింది. ట్యాంకులో పెట్రోలు గాజు సీసాలోకి వంపి చూశాడు. అడుగున వేరే పొర కట్టి ఉంది.

"జూసినవా బిడ్డా? బంకోడు నీళ్లు కలిపిండు!"

సీసా ఎత్తి పట్టుకుని, శుభాంగిని వెంటబెట్టుకుని, నలుగురూ చూసేలా బంకుకు నడిచాడు. దొరికిపోయిన దొంగను చూడబోతున్నంత సంబరం ఆ నడకలో.

యోగేశ్ వాదనకు దిగలేదు. పంపు గొట్టంతో నేరుగా ఇంకో సీసా నింపాడు. పెట్రోలు తేటగా ఉంది. అందులో సగం టీ గ్లాసు నీళ్లు పోసి, ఊపి, బల్ల మీద పెట్టాడు. కాసేపటికి అడుగున అలాంటి పొరే కట్టింది, పోసిన నీళ్లకు మూడింతలు.

"కాకా, గీ వానల్ల ట్యాంకులు ఎట్ల ఆరబెడుతున్నవ్?"

దిగంబర్ తలెత్తి ముసురు పట్టిన ఆకాశం కేసి చూశాడు. పది రోజులుగా ఎండ మొహమే లేదు. బోర్లించి, గుడ్డతో తుడిచి బిగించేస్తున్నాడు. పాత పెట్రోలు రోజుల్లో ఆ కాసిని నీళ్లూ ట్యాంకు మూలన పడి ఉండేవి, ఎవరి జోలికీ వచ్చేవి కావు.

"సారాయి నీళ్లను గుంజుకుంటదని ఊరందరికి జెప్పింది నువ్వే గద" అన్నాడు యోగేశ్. నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

"అంటే మూడుసార్లు నన్ను అడవిల నిలవెట్టింది నువ్వేనా కాకా?" అంది శుభాంగి.

దిగంబర్ సీసా పట్టుకుని షెడ్డుకు తిరిగి నడిచాడు. ఆ పూట ట్యాంకును పెట్రోలుతోనే కడిగి బిగించాడు. బండి మళ్లీ ఆగలేదు.

వారం తిరక్కుండానే, ఒక కొత్త కుర్రాడి బండి ముందు అతని గొంతు మళ్లీ లేచింది.

"గీ పెట్రోలు బండి ట్యాంకును నీళ్లతోని కడుగుతరార? ఏ దద్దమ్మ జెప్పిండు నీకు?"

అటుగా పోతున్న శుభాంగి బండి ఆపింది.

"గా దద్దమ్మ పేరు నేను జెప్పాల్నా కాకా?"