శుక్రవారం ఒరిగే శుభలేఖలు

కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి; చేతిలో పని ఉంటే చేసుకుంటూనే వినవచ్చు. ఆ రోజుల్లో అక్షరాలంటే సీసంతో పోసినవి. ఒక్కొక్కటీ ఏరి, వరసగా పేర్చి, చుట్టూ చెక్క ముక్కలు పెట్టి, ఇనుప చట్రంలో బిగిస్తేనే కాగితం మీద పడేవి. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం చల్లారిన నాలుగేళ్లకు, ఐదో తరగతితో బడికి దండం పెట్టిన నేను జనగామలో ఒక సేటు నడిపే చిన్న ప్రెస్సులో చేరాను. (మా అమ్మ "నా బిడ్డ ఆఫీసుల జేస్తది" అని వాడంతా చెప్పుకుంది. నేను చేసేది ఊడవడం, శుభలేఖలు మడవడం.)

అక్షరాలు కూర్చేది అద్దాల తాత. ఆ పెళ్లిళ్ల కాలంలో ఆయనకు ఒక పరేషాన్ వచ్చిపడింది. పొద్దున సరిగ్గా నడుమ నిలిపిన పెళ్లికూతురి పేరు మధ్యాహ్నానికి అంచుకు జరిగేది. ఒకసారి బాగుంటే ఒకసారి ఒరిగేది. బచ్చన్నపేట నుంచి వచ్చిన ఒక తండ్రి కార్డు చూసి, "ఏంది సేటూ, లగ్గం గాకముందే నా బిడ్డ అత్తగారింటికి ఉరుకుతున్నదా?" అన్నాడు. నేను నవ్వాను. సేటు నవ్వలేదు.

"తాతా, నీ కండ్లు మసకవడ్డయి. ఇంకొక్కసారి గిట్లయితే ఇంటికాడ కూసో."

"నా చేతులకు తెలుసు సేటూ," అన్నాడు తాత. ఆ పూట సద్దిమూట విప్పలేదు.

నాకు చదువు లేదు గానీ జ్ఞాపకం దండిగా ఉంది. ఊడుస్తూ ఊడుస్తూ గుర్తు చేసుకుంటే, వంకరపోయిన కార్డులన్నీ శుక్రవారానివే! శుక్రవారం మిషన్‌కు బొట్టు పెట్టి పసుపునీళ్లు చిలకరించడం సేటు ఇంటి ఆచారం. సేటు తల్లి ఆ పని నాకే అప్పగించింది. నేనేమో భక్తి పొంగి, చెక్క ముక్కలన్నిటినీ పసుపునీళ్ల బకెట్లో ముంచి, తడిగానే తాతకు అందించేదాన్ని. నాని ఉబ్బిన చెక్కలను ఆయన బిగించేవాడు. మధ్యాహ్నం ఎండవేడికి అవి ఆరి సన్నబడితే అక్షరాలు వదులై జరిగేవి. చెబితే నా పని పోతుంది, చెప్పకుంటే తాత పని.

మరుసటి శుక్రవారం చెక్కలకు చుక్క నీళ్లు తగలనివ్వలేదు. మధ్యాహ్నం దాకా కళ్లప్పగించి చూశాను. పేరు నడుమే నిలిచింది. పోయి సేటు ముందు నిలబడి, "తాత కండ్లు మంచిగనే ఉన్నయి సేటూ, తప్పు నాది," అని అంతా చెప్పేశాను.

ప్రెస్సు వెనకింట్లోంచి సేటు తల్లి పకపకా నవ్వింది. "మిషన్‌కు బొట్టు పెట్టుమంటె కట్టెలకు తానం పోసినవా పిల్లా!"

సేటు నోరు తెరిచేలోపే తాత అడ్డం వచ్చాడు. "దీన్ని ఎల్లగొట్టకు సేటూ. నా కండ్లు మంచిగున్నయని చెప్పెటానికి గిదొక్కతే సాక్షి." సేటు "సరె, ఇద్దరు వోయి పని జూసుకోండ్రి," అన్నాడు. తాత సద్దిమూట విప్పి, జొన్నరొట్టెలో సగం తుంచి నా చేతిలో పెట్టాడు. అంత కమ్మటి రొట్టె మళ్లీ తినలేదు.

ఇప్పుడు మా మనవరాలి కంప్యూటర్లో శీర్షికలు వాటంతటవే పక్కకు పోతుంటే, "ఇయ్యాల ఏం తడిపినవు బిడ్డా?" అంటాను. ఆమెకు అర్థం కాదు. బకెట్ ముందు భక్తిగా కూర్చున్న ఆ పిచ్చిపిల్ల మాత్రం నాకు కనబడుతుంది. చేసిన తప్పు ఒప్పుకునే ధైర్యం మీ ఇంటి పిల్లలకూ, దానికి నవ్వి రొట్టె పంచే మనసు పెద్దలకూ ఎప్పుడూ ఉండుగాక.