పసుపు చుక్క ఈగల మీద కుళ్లు

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరైనా పైఅధికారిని చూసో, బండి కొన్న స్నేహితుణ్ణి చూసో కుళ్లుకుంటారు. ఆ రోజుల్లో నేను మాత్రం ఈగల్ని చూసి కుళ్లుకున్నాను. మేడ్చల్ దగ్గర మా ల్యాబ్‌లో పండు ఈగల్ని పెంచడం నా పని. మామిడినీ జామనూ పుచ్చిపోయేలా చేసేవి ఇవే. మగవాటిని వేలల్లో పెంచి, సంతానం కలగకుండా చేసి తోటల్లో వదిలితే, వాటితో జతకట్టిన ఆడ ఈగల గుడ్ల నుంచి పురుగులు పుట్టవు. చిక్కల్లా ఒకటే: ఆడ ఈగ ముందు మావాణ్ణి మెచ్చాలి. మెచ్చేది కాదు.

శామీర్‌పేట జామతోటలో వలగుడారం కట్టి పరీక్ష పెట్టేవాళ్లం. నా ల్యాబ్ మగాళ్ల వీపు మీద నీలి చుక్క, తోటలో పట్టినవాళ్లకు పసుపు చుక్క. జతలు లెక్కపెట్టేది నాకంటే కాస్త సీనియర్ అయిన కుత్బుల్లాపూర్ అమ్మాయి (మాకందరికీ 'లెక్కల మేడం'). పొద్దుగూకగానే పసుపువాళ్లు రెక్కలాడించి చకచకా జతకట్టేవాళ్లు.

"అబ్బ, మస్తు షోకున్నడు గీ పసుపోడు! నీ నీలోళ్లేంది, హాస్టల్ పోరగాళ్ల లెక్క మూలకు గూసున్నరు?" అని నవ్వేది.

నేనూ హాస్టల్లో పెరిగినవాణ్ణే. పసుపువాడికి ఉండి నాకు లేనివి అప్పుడే మనసులో వరుస పెట్టుకున్నాను (ఒకటి, తెగువ, రెండు, సిగ్గులేకపోవడం, మూడు, రెక్కలు). నీలి చుక్క గెలిచిన రోజున ఆమెను శామీర్‌పేట చెరువు దగ్గరికి చాయ్‌కి పిలవాలని తీర్మానించుకున్నాను.

అందుకని ఈసారి నావాళ్లకు ముందే మిథైల్ యూజినాల్ పట్టించాను. లవంగం వాసనొచ్చే ఎర మందు అది. మగ ఈగలకు పిచ్చి. తాగినవాడు ఆడ ఈగకు నచ్చుతాడు. కడుపు నిండింది కాబట్టి మళ్లీ దానివైపు పెద్దగా చూడడు. (నా కొత్త చొక్కా మీద కాస్త ఒలికింది. చాయ్‌కి పిలవబోయేవాడికి సువాసన మంచిదేలే అనుకున్నాను.)

గుడారంలో అడుగుపెట్టానో లేదో, ఆ మందు ఎరగని పసుపువాళ్లంతా ఆడవాటిని వదిలేసి నా మీద వాలారు. మెడ, జేబు, చంక, ఎక్కడ చూసినా వాళ్లే. నా వెనక నీలివాళ్లు నింపాదిగా జతకడుతున్నారు.

"గెలిచాం మేడం!" అన్నాను కదలకుండా.

"ఏం గెల్సినవ్? పోటీకొచ్చినోళ్లంత నీ అంగి మీదనే ఉన్నరు! గీ లెక్క చెల్లది. రేపు మంచిగ స్నానం జేసి రా."

"మేడం, చాయ్..."

"ఏంది?"

"ఏం లేదు మేడం."

ముక్కు మూసుకుని నవ్వుతూనే ఆటో ఎక్కింది. కొన్నాళ్లకు వేరే ఉద్యోగం వచ్చి వెళ్లిపోయింది. నేను మళ్లీ అడగనే లేదు. ఇప్పుడు తలుచుకుంటే అప్పటి నాలోని కుర్రాణ్ణి చూసి నవ్వొస్తుంది, కొంచెం కుళ్లు కూడా. నాకోసం అంతమంది ఎగబడి వచ్చిన సాయంత్రం ఇప్పటిదాకా అదొక్కటే. అందరూ మగవాళ్లే.