దిల్షాద్ ఇంట్లో నిలవని ఫించ్ పిల్లలు

దమ్మపేటలో మోటార్లు వైండింగ్ చేసే మతీన్, ఒకసారి రాగి తీగ కోసం హైదరాబాదు వెళ్లి, తీగతోపాటు ఒక జత పిట్టలను కూడా తెచ్చాడు. పిడికిట్లో పట్టేంత పిట్టలు. ఎర్రటి ముక్కు, బూడిద రంగు ఒళ్లు, మగదానికి చెంపల మీద నారింజ మచ్చలు. వీటిని ఫించ్‌లంటారని అమ్మినవాడు చెప్పాడట. బొమ్మ బూర ఊదినట్టు అరిచేవి. మతీన్ భార్య దిల్షాద్ పంజరాన్ని ముందుగది కిటికీ పక్కన పెట్టించుకుని, పొద్దున లేవగానే వాటికి కొర్రలు పోసి, ఆ తర్వాతే పొయ్యి వెలిగించేది.

ఆ ఇంట్లో పసిపిల్లల అరుపు విని చాలా ఏళ్లయింది. పెళ్లయిన కొత్తలో దిల్షాద్‌కు మొదటి కడుపు మధ్యలోనే పోయింది. తర్వాత ఒక ఆడపిల్ల, ఇంకొన్నాళ్లకు ఒక మగపిల్లవాడు పుట్టారు. ఇద్దరూ పురుటి మంచం మీదే పోయారు. ఆమెకు నలభై దాటాక ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తడం మానేశారు. మతీన్ కూడా పిట్టలను తెచ్చి ఇచ్చాడే గాని, ఎందుకు తెచ్చాడో చెప్పలేదు. ఆమె అడగనూ లేదు.

పిట్టలు గుడ్లు పెట్టాయి. కాని పిల్లలు బయటికి రాగానే తల్లి వాటిని ముక్కుతో పట్టి గూటి కుండలోంచి కింద పడేసింది. దిల్షాద్ ఆ రోజు అన్నం తినలేదు. మతీన్ మళ్లీ హైదరాబాదు వెళ్లినప్పుడు పిట్టలమ్మేవాడు ఉపాయం చెప్పాడు. బెంగాలీ ఫించ్‌లని ఇంకో జాతి ఉంది, ఎవరి గుడ్లు పెట్టినా తమవే అనుకుని పెంచుతాయి అని. గోధుమ, తెలుపు మచ్చల జత ఒకటి ఇంటికొచ్చింది. దిల్షాద్ అందులో ఆడదానికి దాయీ అని పేరు పెట్టింది. వాళ్ల ఇంటి భాషలో దాయీ అంటే పిల్లలను పెంచే దాది.

దాయీ నిజంగానే దాది. దిల్షాద్ తెచ్చి పెట్టిన ఎర్రముక్కు పిట్టల గుడ్లను పొదిగింది, పిల్లలొచ్చాక గూడు వదిలేది కాదు. తిన్నదంతా పిల్లల నోట్లో పోసేది. దిల్షాద్ ఉడికిన గుడ్డు చిదిమి పెడితే ముందు పిల్లలకే. మెత్తని ఈకలొచ్చి, రేపో మాపో గూడు దాటుతాయనగా, ఆ పిల్లలు నలతపడ్డాయి. ఒళ్లంతా ఉబ్బించుకుని మూలకు కూర్చునేవి. ఎంత తిన్నా రొమ్ము ఎముక కత్తి అంచులా చేతికి తగిలేది. రెట్టలో కొర్రలు అరగకుండా గింజలు గింజలుగానే పడేవి. ఒకటి తర్వాత ఒకటి, అన్నీ పోయాయి.

దిల్షాద్ వాము కాచిన నీళ్లు పట్టింది. పంజరం పక్కన బల్బు వేలాడదీసి వెచ్చచేసింది. కోళ్ల విరేచనాలకు ఇచ్చే పొడి నీళ్లలో కలిపింది. రెండో విడత పిల్లలూ అదే వయసుకు అలాగే పోయాయి.

రెండో విడతలో ఆఖరి పిల్లను పెరట్లో పూడుస్తుంటే పక్కింటి సైదమ్మ గోడ మీంచి చూసింది. సైదమ్మది పెద్ద వయసు. దిల్షాద్ పురుళ్లలో వేడినీళ్లు కాచిన మనిషి. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఇడిసిపెట్టు బిడ్డా. కొందరి చేతిల పసిపానం నిలవదు. పిట్టలదైనా అంతే," అంది.

దిల్షాద్ లోపలికి వచ్చి చేతులు కడుక్కుంది. మట్టి పోయినా కడుక్కుంటూనే ఉంది. ఆ తర్వాత కొన్నాళ్లు ఆమె పంజరాన్ని ముట్టలేదు. దాణా వేయడం, నీళ్లు మార్చడం మతీన్ పని అయింది.

అతను దాయీ గూట్లోకి మార్చిన మూడో విడత గుడ్లు పిల్లలయ్యాయి. వాటికీ ఈకలొచ్చాయి. ఒకటి ఒళ్లు ఉబ్బించుకుని చచ్చిపోయిన రోజున మతీన్ కొట్టుకు తాళం వేసి ఇంటికొచ్చాడు.

"లే దిల్షాద్. ఖమ్మం పోదాం. పశువుల దవాఖానాల చూపిద్దాం."

"వాళ్లు బర్రెలను చూస్తరు గాని పిట్టలను చూస్తరా?"

"చూడకపోతే తిరిగొద్దాం. గిట్ల ఇంట్ల కూసుంటే ఏమొస్తది?"

పంజరం మీద దుపట్టా కప్పి సత్తుపల్లి మీదుగా పోయే బస్సెక్కారు. అది బర్డ్ ఫ్లూ భయం ఉన్న కాలం. కండక్టర్ పంజరం చూసి బెదిరాడు. "అమ్మా, కోళ్లు, పిట్టలు ఎక్కించొద్దు. జనం భయపడ్తున్నరు."

"కోళ్లు కావు భాయ్. పానం మీదికొచ్చిన పిల్లలు," అంది దిల్షాద్.

అతను ఆమె ముఖం చూసి వెనక సీటు చూపించాడు. పెనుబల్లి దాటేసరికి ఇంకో పిల్ల తల వాల్చేసింది. ఖమ్మంలో దిగేసరికి మిగిలింది ఒక్కటే.

దవాఖానాలో డాక్టర్ భార్గవి వయసులో చిన్నది. పిట్టలను తాను ఎక్కువ చూడలేదని ముందే చెప్పింది. అయినా వెనక్కి పంపలేదు. పిల్ల రొమ్ము ఎముక తడిమి చూసింది. దారిలో పోయినదాన్ని కోసి, పేగులోనిది తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. ఏమీ కనబడలేదు. అప్పుడు ఇంకేదో ఆలోచించి, "పెద్ద పిట్టలు తెచ్చిండ్రా? వాటి వేడి వేడి రెట్ట కావాలె. చల్లారితే కొన్ని క్రిములు చచ్చిపోతయ్, కనబడవు," అంది.

దాయీ అక్కడే, వాళ్ల ముందే రెట్ట వేసింది. భార్గవి ఆత్రంగా గాజుపలక మీద తీసుకుని చూసి, దిల్షాద్‌ను పిలిచి చూడమంది. వెలుగులో సన్నని తోకల జీవాలు గిరగిరా తిరుగుతూ కనిపించాయి.

"ఇది పేగుల్ల ఉండే పరాన్నజీవి. ఈ జాతి పెద్ద పిట్టలను ఏమీ చెయ్యదు. మంచిగనే కనబడ్తయ్. కానీ వేరే జాతి పిల్లలకు నోట్ల తిండి పెడ్తే దాంతో పాటే పోతది. పిల్లలు తట్టుకోలేవు."

దిల్షాద్ దాయీ వైపు చూసింది. "అంత పానంగా పెంచింది కదమ్మా," అంది.

"దానికేం తెలుసమ్మా. దాని తప్పు లేదు. మీ తప్పు కూడా లేదు."

ఆ ఆఖరి మాటకు దిల్షాద్ డాక్టర్‌కు దగ్గరగా జరిగి అడిగింది:

"డాక్టరమ్మా, మనుషుల పిల్లలు పోతే కూడా గిట్ల చూస్తరా?"

భార్గవి చేతిలోని పని ఆపింది. "ఎట్ల పోయిండ్రమ్మా మీ పిల్లలు?"

"పసుపు పూసినట్టు పుట్టిండ్రు. ఇద్దరూ."

"నేను మనుషుల డాక్టర్‌ను కాను. కానీ మీ ఇద్దరి బ్లడ్ గ్రూపు ఎప్పుడన్నా చూపిచ్చుకున్నరా?"

ఎవరూ చూడలేదు. ఎవరూ అడగలేదు.

భార్గవి మందు తూచి ఇచ్చింది. ఇంట్లో ఉన్న పిట్టలన్నిటికీ, బాగున్నవాటికి కూడా, తాగే నీళ్లలో కలిపి ఇవ్వాలి. మందు చేదు కాబట్టి వేరే నీళ్లు, ఆకుకూర దొరకనివ్వకూడదు. పంజరం అడుగున కాగితం రోజూ మార్చాలి. తడి ఉండకూడదు. మేకలకు వేసే పురుగుల మందు మాత్రం పొరపాటున కూడా వెయ్యొద్దంది.

దిల్షాద్ మళ్లీ పంజరం ముట్టింది. చెప్పినవన్నీ చేసింది. మిగిలిన ఒక్క పిల్లకు ముక్కు పక్కన మందు చుక్క ఆనించి, మింగేదాకా ఆగి, ఇంకో చుక్క ఆనించేది. మెత్తని గుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకునే బియ్యం ఏరేది. అది ఒకసారి లేచి రెక్కలు విదిలించింది కూడా. మతీన్‌ను కొట్టు నుంచి పిలిపించి చూపించింది. మర్నాడు మధ్యాహ్నం ఆమె అరచేతిలోనే మెడ వాల్చింది. రోగం ముదిరాక మందు అందింది, అంతే.

పెద్ద పిట్టలకు తగ్గిందో లేదో చూపించడానికి మళ్లీ ఖమ్మం వెళ్లారు. ఈసారి రెట్టలో ఏ జీవమూ కదలలేదు. అక్కడి నుంచి ఇంటికి రాకుండా ఆడవాళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లి రక్తాలిచ్చారు. దిల్షాద్‌ది నెగటివ్. మతీన్‌ది పాజిటివ్. తండ్రి రక్తం పోలిన బిడ్డను తల్లి ఒంట్లోని రక్తం పరాయిదనుకుని పోట్లాడుతుందని ఆ డాక్టర్ విడమరిచి చెప్పింది. మీ పిల్లలు అందుకే పోయి ఉంటారంది. మొదటి కడుపు పోయినప్పుడే ఒక సూది వేసి ఉంటే బతికేవాళ్లేమో.

"ఒక్క సూదేనా?" అని అడిగింది దిల్షాద్.

"అవ్‌నమ్మా. అప్పుడు ఒక్కటే."

తిరుగు బస్సులో మతీన్ కిటికీ వైపు తిరిగి ఏడ్చాడు. దిల్షాద్ ఏడవలేదు. తన రెండు చేతులనూ ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని, ఊరొచ్చేదాకా వాటినే చూస్తూ కూర్చుంది.

ఆ తర్వాత దాయీ జంటను వేరే పంజరంలోకి మార్చారు. ఎర్రముక్కు పిట్టలు తమ పిల్లలను తామే పెంచడం ఆలస్యంగా నేర్చుకున్నాయి. ఈసారి ఒక పిల్ల నిలిచి గూడు దాటి ఎగిరింది. అది తిండికి అరిచినప్పుడల్లా పక్క పంజరంలో దాయీ ఊచలకు ఛాతీ ఆనించి, నోట్లో తిండి పెట్టుకుని కూర్చునేది. దిల్షాద్ అది చూడలేక రెండు పంజరాల మధ్య పాత చీర కట్టింది.

సైదమ్మ వచ్చి ఎగిరే పిల్లను చూసింది. "నిలిచింది గదా బిడ్డా," అంది సంతోషంగా. దిల్షాద్ ఆమెను కూర్చోబెట్టి రక్తం సంగతి మొత్తం చెప్పింది. సైదమ్మకు సగమే అర్థమైంది. ఆ సగానికే ముసలమ్మ దిల్షాద్ చేతులు రెండూ తన కళ్లకు అద్దుకుని, "ఎంత మాటన్న తల్లీ, ఎంత మాటన్న," అని వెక్కివెక్కి ఏడ్చింది. అప్పుడు దిల్షాద్ కూడా ఏడ్చింది. ఇన్నేళ్ల ఏడుపూ ఒక్కసారే వచ్చింది.

శుక్రవారం నమాజు అయ్యాక మతీన్‌ను కబరస్తాన్‌కు పంపించింది. పిల్లల మట్టి మీద కొంచెం పూలు వేసి రమ్మంది. అతను పొద్దువాలే వేళకు తిరిగొచ్చాడు. పూలు చేతిలోనే ఉన్నాయి.

"జాగా దొరకలే దిల్షాద్. చెట్లు మొలిచినయ్. వానలకు మట్టి మొత్తం చదునైంది."

"అంతటా వెతికిండ్రా?"

"వెతికిన."

ఆమె పూలు తీసుకుని నీళ్ల పళ్లెంలో వేస్తూ అడిగింది:

"ఇద్దరినీ పక్కపక్కనే పెట్టిండ్రా అప్పుడు?"

"అవ్. పక్కపక్కనే."

"మంచిది," అంది దిల్షాద్. లోపలికి వెళ్లి చాయ్‌కి నీళ్లు పెట్టింది.