దొరతోటలో చిరుతపులి

పోయిన నెల మనవరాలు పోరు పెడితే, తమ్ముణ్ణి కూడా వెంటబెట్టుకుని నెల్లూరులో మేము చిన్నప్పుడు దొరతోట అని పిలుచుకున్న పెద్ద పార్కుకు వెళ్ళాను. నడవడానికి పలకలు పరిచిన దారులు, పిల్లలకు ఉయ్యాలలు, ముసలివాళ్ళు కసరత్తు చేసుకునే ఇనుప సామాను, అంతా బాగానే ఉంది గానీ, తూర్పు మూలన నోరు తెరుచుకుని నిలబడ్డ సిమెంటు చిరుతపులి కనబడేసరికి నా కాళ్ళు ఆగిపోయాయి. దాని నోట్లో తల పెట్టి ఫొటో తీయమని మనవరాలు అరుస్తుంటే నేను తమ్ముడి మొహం చూశాను.

మా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఏ కాలంలోనో ఒక తెల్లదొర తన బంగళా చుట్టూ వేయించుకున్న తోట అది. దొర పోయాక మునిసిపాలిటీ చేతికొచ్చింది. సాయంత్రం మండపంలో రేడియో పెడితే జనం గడ్డిలో కూర్చుని వార్తలు వినేవాళ్ళు. కొలనులో పులికాట్ నుంచి తెచ్చిన రెక్క విరిగిన గూడబాతు, తీగల దొడ్డిలో చుక్కల జింకలు, చెట్లనిండా కొంగలు, ఆ కొంగల రెట్టలకు జడిసి ఎండ లేకపోయినా గొడుగు వేసుకుని తిరిగే షోకు మనుషులు! ఇవన్నీ దాటిపోతే, పగలు కూడా మసకగా ఉండే చింతచెట్ల కింద, వెలిగొండల్లో పట్టి తెచ్చిన చిరుతపులి బోను ఉండేది. ఆ చింతచెట్ల మీద మాత్రం ఒక్క కొంగ వాలేది కాదు.

మేము అక్కడికి షికారుకు పోలేదు. మాది వాకాడు పక్క సముద్రపొడ్డు పల్లె. ఒక ఏడు కార్తీకంలో వేటకు పోయిన నాయన పడవ తిరగబడింది. ఊరి మగవాళ్ళంతా నాయన కోసం వెతుకుతుంటే, ఐదేళ్ళ తమ్ముడు నీళ్ళల్లోకి పరుగెత్తుతాడేమోనని ఎవరో వాణ్ణి వలలు దాచే కొట్టంలో పెట్టి గడియ వేశారు. అమ్మా నేనూ ఒడ్డునే ఉన్నాం. వాడు తలుపు బాదుతూ తియ్యమని ఏడుస్తున్నాడని ఆ తరువాత ఇరుగుపొరుగు చెప్పారు గానీ, ఆ గందరగోళంలో పట్టించుకున్న నాథుడు లేడు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన నాయనను మట్టి చేసి వచ్చాక గడియ తీస్తే, వాడు వలల మీద కూర్చుని మమ్మల్ని చూశాడు, అంతే. ఆనాటి నుంచి వాడి నోట మాట లేదు.

సముద్రాన్ని చూసి దడుసుకున్నాడని అందరూ తేల్చేశారు. ఆ రోజు వాడు సముద్రాన్నే చూడలేదన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. తాయెత్తులూ, వేపమండలూ అన్నీ అయ్యాయి. ముల్లును ముల్లుతోనే తీయాలని, పులి అరుపు వింటే ఎంతటి దడుపైనా వదులుతుందని మా పల్లెలో ఒక నమ్మకం. ఏడాది తిరిగేలోగా మాట రాకపోతే ఇక రాదని కూడా ఎవరో అనడంతో అవ్వకు కంటిమీద కునుకు పోయింది. అమ్మ గడప దాటకూడని రోజులు గనుక, నాయన తల్లి మా అవ్వే మా ఇద్దరినీ నాయుడుపేట దాకా తీసుకొచ్చి, తానూ మాతోపాటు నెల్లూరు బస్సెక్కింది.

ఆ రోజు మబ్బు పట్టి ఉంది. పులి ఈ గోడ నుంచి ఆ గోడకు, ఆ గోడ నుంచి ఈ గోడకు తిరుగుతూనే ఉంది. దాని పాదాలు పడే చోట గచ్చు అరిగి నున్నబడింది. అవ్వ బోను కాపలాదారు గడ్డం పట్టుకున్నంత పని చేసింది. “ఒక్కసారి అరిపించు నాయనా, మా అబ్బోడికి గొంతొస్తాది.” అతను వెదురుకర్ర ఊచల్లోంచి దూర్చి పులి డొక్కలో పొడిచాడు. అది అరవలేదు. మళ్ళీ పొడిచాడు. తల కూడా తిప్పకుండా నడుస్తూనే ఉంది. అరుస్తుందేమోనని నాకు భయం, అరవకపోతే తమ్ముడి గతి ఏమిటని అంతకంటే భయం. వాడు మాత్రం నా చెయ్యి విడిపించుకుని, ఊచలకు ఇవతల, పులితోపాటు నడవడం మొదలుపెట్టాడు. అది తిరిగితే వాడూ తిరిగాడు. చివరికి బోనుకున్న చిన్న ఇనుప తలుపు దగ్గర ఆగి, రెండు పిడికిళ్ళతో దాన్ని బాదాడు.

“తలుపు తియ్యండి.”

గొంతు బొంగురుపోయి ఉంది. అయినా అది వాడి గొంతే.

“మాట్లాడినాడే నా తండ్రి!” అంటూ అవ్వ వాణ్ణి ఎత్తుకుని ఏడ్చింది. జనం మూగారు, కాపలాదారు కర్ర పక్కన పెట్టి తానూ నవ్వాడు. వాడు అవ్వ భుజం మీదుగా చేతులు చాపి, గేటు దాటేదాకా ఆ ఒక్క మాటే అరుస్తూ ఉన్నాడు. వాడికి మాట వచ్చిన సంబరంలో, వాడు అడిగిందేమిటో వినిపించుకున్నవాళ్ళు లేరు.

ఆ కబురు తీరమంతా పాకింది. ఆ తరువాత ఎంతమంది బిడ్డలను ఆ బోను ముందుకు తీసుకుపోయారో, ఆ మూగజీవానికి ఎన్ని వెదురుపోట్లు పడ్డాయో లెక్కే లేదు. కొన్నేళ్ళకు బోను ఖాళీ అయిందని విన్నాం. మరదలు దొంగల భయమని ఎంత సణిగినా, తమ్ముడు ఈనాటికీ ఇంట్లో ఏ తలుపుకూ గడియ పెట్టనివ్వడు.

ఇప్పుడా తోటలో బోను లేదు, మంచిదే. రేడియో లేదు, కొంగలూ లేవు. అవి ఎటు పోయాయో అడిగేవాళ్ళు కూడా లేరు. తమ్ముడు సిమెంటు పులి చుట్టూ ఒకసారి తిరిగి, దాని డొక్క మీద చెయ్యి వేసి వచ్చేశాడు. ఇంతలో వాచ్‌మన్ గేటు మూసే వేళయిందని విజిల్ ఊదాడు. తమ్ముడు మా అందరికంటే ముందు నడిచి వెళ్ళి, ఆ ఇనుప గేటు రెక్క పట్టుకుని, లోపలున్న వాళ్ళలో ఆఖరి పిల్లవాడు బయటికి వచ్చేదాకా వదలలేదు.